పిల్లలకోడి: పూర్వచరిత్ర, పోషణ



పాడిని గురించి, పంటను గురించి తరచుగా చెప్పుకుంటూనే వుంటాము. ఇవాళ మన వాకిట్లో తిరిగే పిల్లలకోడిని గురించి చెప్పుకుందాము. ఇంత చిన్న విషయానికి చరిత్ర ఏమిటి అని మీరు అనుకోవచ్చు. చరిత్ర వున్నది. అది తెలిస్తే, కాలు విరిగిన కోడిపిల్లను ఎందుకు పారవేయగూడదో, పొదుగుకు కూర్చున్న పెట్టను ఎందుకు కసిరి లేపగూడదో మనకే బోధపడుతుంది.

చిల్కూరు గాని, మొయినాబాదు గాని, చేవెళ్ళ వైపు ఏ పల్లె గాని తీసుకోండి. పదో పన్నెండో గుడ్లు పెట్ట కింద పెడతారు. పది పిల్లలు దిగినవనుకుందాము. రెండు నెలలు తిరిగేసరికి నాలుగో అయిదో మిగులుతాయి. తక్కినవి ఏమైనట్టు? ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. ఒకటి నీళ్ళ కుండలో పడ్డది. ఒకదాన్ని పొరుగు కోడి నెత్తిమీద పొడిచింది. ఒకటి తలుపు సందున నలిగింది. మిగిలినవి తెగులుకు పోయినవి. పోయిన ఎద్దును ఇంటిల్లిపాదీ తలుచుకుంటారు. పోయిన కోడిపిల్లను ఎవరూ లెక్క వేయరు. కాని గుడ్డు మీద, కోడి మీద వచ్చే రూపాయి చాలా ఇండ్లలో ఆడవాళ్ళ చేతి రూపాయి. పిల్లవాడి పలక బలపాలకు, సంతలో ఉప్పు చింతపండుకు, ఆపద వేళ మందుకు అక్కరకు వచ్చే రూపాయి. ఆ ఆరు పిల్లలలో రెండింటిని బతికించుకున్నా, ఆ ఇంటికి రాబడి సగానికి సగం పెరిగినట్టే గదా!

కోడి మనిషి పంచన ఎట్లా చేరింది? మన పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి. దక్షిణ చైనా, బర్మా, థాయిలాండు అడవుల్లోని అడవికోడే మన కోళ్ళకు దగ్గరి చుట్టమని 2020లో వెలువడిన జన్యు పరిశోధన చెప్పింది. 2022లో పురావస్తు శాస్త్రజ్ఞులు మరో సంగతి బయటపెట్టారు. పెంపుడు కోడిదని నమ్మదగిన పాత ఎముకలు మధ్య థాయిలాండులో దొరికినవనీ, వాటి వయసు సుమారు 3,500 ఏండ్లనీ, వరి కొర్రల వంటి ధాన్యాలు పండించే చోటికి గింజల ఆశతో అడవికోళ్ళు వచ్చి చేరినవనీ వారి అభిప్రాయం. అంటే మనిషి వల వేసి పట్టి తెచ్చాడనేకంటే, కళ్ళంలో రాలిన గింజ కోసం కోడే వచ్చిందనుకోవడం సబబు. మన దక్షిణదేశానికీ ఇందులో వాటా వున్నది. అనేక పెంపుడు కోళ్ళలో కనిపించే పసుపుపచ్చ చర్మం ఎర్ర అడవికోడి ఇచ్చింది కాదు. అది దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చినదని 2008లో నిర్ధారించారు.

అడవిలో పెట్టకు గుడ్లు పెట్టడం ఎంత ముఖ్యమో, పొదగడం, పిల్లలను కాపాడడం అంత ముఖ్యం. అయిదారు గుడ్లు పెడుతుంది, కూర్చుంటుంది, పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంది. మన నాటుకోడికి ఈ గుణం చెక్కుచెదరకుండా వచ్చింది. పదిహేను ఇరవై రోజులు గుడ్లు పెడుతుంది. 21 రోజులు పొదుగుతుంది. పిల్లల వెంట రెండు నెలలు తిరుగుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి మూడు నెలల పైమాటే. అందుకే ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం యాభై అరవై గుడ్లు. నాటుకోడి సోమరిది కాదు. గుడ్డు పెట్టే కాలాన్ని తల్లితనానికి ఖర్చుపెడుతున్నది, అంతే.

మన తెలుగుదేశంలో కోళ్ళకు పాత పేరు వున్నది. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపోరు రాజ్యం మీదికే తెచ్చింది. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలో కోడిపందెం కనబడుతుంది. పుంజు రంగు, ఈక, నడక చూసి జాతకం చెప్పే కుక్కుటశాస్త్రం మనవాళ్ళకు వున్నది. అసీలు జాతికి ఆంధ్రదేశం పుట్టినిల్లు. పందెం పుంజుకు గాయమైతే కుట్లు వేసేవారు, కాపడం పెట్టేవారు, బాదంపప్పు తినిపించేవారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పందేలను నిషేధించింది గనుక ఆ ముచ్చట అక్కడికి ఆపుదాము.

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. పుంజుకు శాస్త్రం వున్నది, పెట్టకు లేదు! ఏ పెట్ట మంచి తల్లి, ఎన్ని గుడ్లు పెట్టాలి, ఏ మూల గంప వేయాలి, గాయపడ్డ పిల్లను ఏం చేయాలి, ఇవన్నీ మన అవ్వలకు, అత్తలకు తెలుసు. తెలుసు గాని ఎవరూ రాసిపెట్టలేదు. నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి వచ్చిన విద్య అది. ఆ చేతులు ఆగిపోతే విద్య కూడా ఆగిపోతుంది. అసీలు పెట్ట గుడ్లు తక్కువ పెట్టినా పొదగడంలో, పిల్లలను గద్ద నుంచి కాచుకోవడంలో దానికి సాటి లేదని శాస్త్రజ్ఞులు ఇప్పుడు రాస్తున్నారు. మన ముసలమ్మలకు అది ఎప్పుడో తెలుసు.

కోడి లేకుండా గుడ్డు పొదిగించాలనే ఆలోచన కూడా చాలా పాతది. ఈజిప్టులో గుడ్లను పేడకుప్పల వేడికి పొదిగిస్తారని క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు. తరువాత ఆ దేశంలో పెద్ద పెద్ద మట్టి పొయ్యిలు కట్టి వేలకొద్దీ పిల్లలను దింపేవారు. ఫ్రాన్సు దేశపు రియోమర్ 1749లో దీనిమీద ఒక గ్రంథమే ప్రకటించాడు. అమెరికాలో కాలిఫోర్నియాలోని పెటలూమా అనే ఊరు 1879 నుంచి పొదిగే యంత్రాలకు పేరుపడ్డది. 1918లో అమెరికా తపాలా శాఖ ఒకరోజు పిల్లలను టపాలో పంపడానికి ఒప్పుకున్నది. టపాలో తిండీ నీరూ లేకుండా ఎట్లా బతుకుతాయి అంటారా? గుడ్డులోని పచ్చసొన మిగులు పిల్ల పొట్టలోకి పోతుంది. రెండు రోజులు దానితో నెట్టుకొస్తుంది. ఇది యంత్రం కోసం వచ్చిన ఏర్పాటు కాదు, తల్లి కోసం వచ్చినది. మొదటి పిల్ల దిగిన వెంటనే తల్లి మేతకు లేస్తే, ఇంకా పగలని గుడ్లు చల్లబడిపోతాయి. అందుకని ముందు దిగినవి తల్లి రెక్కల కింద ఆగుతాయి. కనుక గుడ్లు పగులుతున్నప్పుడు తొందరపడి తల్లిని లేపవద్దు. చిట్టచివరి గుడ్డు దాకా ఓపిక పట్టండి.

యంత్రం వచ్చిన తరువాత తల్లితనం దండుగ అన్న లెక్క వచ్చింది. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్డు పెట్టదు. దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే రసం పెరుగుతుంది, గుడ్ల సంచి ముడుచుకుపోతుంది. కూర్చోని పెట్టలనే ఏరి ఏరి తరతరాలుగా జత కలిపితే తెల్ల లెగ్‌హార్న్ వంటి జాతులు నిలబడ్డవి. గుడ్లు ఏటా వందలలోకి పోయినవి. పొదిగే బుద్ధి మాత్రం పోయింది.

ఇక మన ప్రాంతానికి వద్దాము. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తి అయింది. చిల్కూరు ఆ చెరువు పక్క ఊరే. హైదరాబాదు నగరం పెరిగేకొద్దీ పాలు, కూరగాయలు, గుడ్లు ఈ దిక్కు నుంచి కావలసివచ్చినవి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమైంది. మరుసటి ఏడు జాతీయ విస్తరణ సేవ వచ్చింది. గ్రామసేవకులు సైకిలు మీద వచ్చి, ఎరువును గురించి చెప్పినట్టే మేలుజాతి కోళ్ళను గురించీ చెప్పారు. దేశమంతటా లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్ వంటి సీమజాతులు పల్లెలకు వచ్చినవి. అప్పుడు ఒక చిక్కు ఎదురైంది. సీమ పెట్ట గుడ్డు పెడుతుంది గాని కూర్చోదు. దాని గుడ్డును ఎవరు పొదగాలి? పల్లెలో యంత్రం లేదు, కరెంటూ లేదు. చివరికి నాటు పెట్టే ఆ గుడ్లమీద కూర్చోవలసివచ్చింది. పనికిరానిదని పక్కకు నెట్టిన కోడి సీమకోడికి దాది అయింది!

ఆ రోజులలో కోళ్ళకు యముడు కొక్కెర తెగులు. దీనికి రాణీఖేత్ వ్యాధి అని పేరు. 1920ల చివరలో కుమావూను కొండలలోని రాణీఖేత్‌లో కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. ముక్తేశ్వరంలోని పశువైద్య పరిశోధన సంస్థ 1940లలో దీనికి టీకా తయారుచేసింది. టీకా లేని ఊళ్ళో తల్లి ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. ఈ మాట ఈనాటికీ వర్తిస్తుంది. వారం లోపు కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో రెండో టీకా, ఆ ప్రాంతంలోనే మశూచి టీకా వేయించండి. తేదీలు మీ పశువైద్యుణ్ణి అడిగి ఖాయం చేసుకోండి.

1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. 1971లో డాక్టర్ బి.వి. రావుగారు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో ఆయన పూనికతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, గుడ్డు ధర నిర్ణయించడం రైతుల చేతికి వచ్చింది. హైదరాబాదు చుట్టూ షెడ్లు లేచినవి. తెలుగువాడి గుడ్డు దేశమంతా పోయింది. ఇది గర్వించదగ్గ చరిత్రే. కాని షెడ్డుకు పెట్టుబడి కావాలి. ఎకరం రెండెకరాల వారికి, కూలివారికి అది అందలేదు.

వారిని దృష్టిలో పెట్టుకుని మరొక పని జరిగింది. 1988లో రాజేంద్రనగర్‌లోనే కోళ్ళ పరిశోధనా సంస్థ ఏర్పడ్డది. చిల్కూరుకు అది ఎంతో దూరం కాదు. అక్కడి శాస్త్రజ్ఞులు పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ అనే కోళ్ళను తయారుచేశారు. రంగు ఈకలు, గట్టి ఒళ్ళు, నాటుకోడి కంటే రెట్టింపుకు మించిన గుడ్లు వాటి సుగుణాలు. 2019 పశుగణనలో దేశంలో పెరటి కోళ్ళు 31 కోట్ల 70 లక్షల దాకా తేలినవి. 2012తో పోలిస్తే ఇది సుమారు 46 శాతం ఎక్కువ. షెడ్ల కాలంలో పెరటి కోడి పని అయిపోయిందనుకున్నవారు ఈ అంకెను చూడాలి.

అయితే పాత చిక్కు మళ్ళీ ముందుకు వచ్చింది. ఈ మేలు కోళ్ళకు పొదుగుకు కూర్చునే గుణం చాలా తక్కువ. ఒకరోజు పిల్లలను తెచ్చి వాకిట్లో వదిలితే నిలవవు. ఆరు వారాలపాటు దీపం వేడిలో పెంచాలి, లేదా ఒక తల్లిని చూపించాలి. కరెంటు నిలకడగా లేని ఇంట్లో నాటు పెట్ట కంటే నమ్మకమైన తల్లి ఏది? రెండు వారాలు దాటి పొదుగుమీద గట్టిగా కూర్చున్న పెట్టను చూసుకోండి. చీకటి పడిన తరువాత, చప్పుడు చేయకుండా, గుడ్లు తీస్తూ పిల్లలను ఒక్కొక్కటిగా రెక్క కిందికి తోయండి. తెల్లవారేసరికి అవి దాని పిల్లలే. పగటిపూట ఈ పని చేయవద్దు, రంగు తేడా చూసి పొడవవచ్చు. పది పన్నెండు పిల్లలకు మించి ఒక తల్లికి అప్పగించవద్దు.

గాయపడ్డ పిల్లల సంగతికి వచ్చేముందు ఇద్దరు విదేశీ పండితులు కనిపెట్టిన రెండు సంగతులు చెబుతాను. నార్వే దేశపు షెల్డరప్ ఎబ్బె 1921లో కోళ్ళలో పెద్దాచిన్నా వరస వుంటుందని రాశాడు. పైది కిందిదాన్ని పొడుస్తుంది, కిందిది ఇంకా కిందిదాన్ని పొడుస్తుంది. గాయపడ్డ పిల్ల ఈ వరసలో అట్టడుగు. పైగా ఎర్రటి నెత్తురు కనబడితే తోటి పిల్లలే అక్కడ పొడుస్తాయి. కనుక గాయమైనదాన్ని వెంటనే వేరు చేయాలి.

రెండోది, 1934లో యాకోబ్ ఫాన్ ఉక్స్‌క్యూల్ అనే జీవశాస్త్రజ్ఞుడు వివరించినది. కోడిపిల్లను తెర చాటున కట్టేస్తే, అది కీచుమన్న చప్పుడుకు తల్లి రోషంతో పరుగెత్తి వస్తుంది. అదే పిల్లను గాజుబుడ్డి కింద పెడితే, కళ్ళెదుట గిలగిల కొట్టుకుంటున్నా చప్పుడు వినబడదు గనుక తల్లి పట్టించుకోదు. అంటే తల్లికీ పిల్లకూ ముడి కంటితో కాదు, చెవితో. పిల్లను వైద్యం కోసం వేరు చేసినా తల్లికి దాని గొంతు వినబడేచోటనే వుంచాలని మనం దీనినుంచి నేర్చుకోవచ్చు. దూరంగా తీసుకుపోయి నాలుగు రోజుల తరువాత తెస్తే తల్లి పరాయిదానిగా చూడవచ్చు.

ఇక చేయవలసిన పనులు వరసగా వినండి.

మొట్టమొదటిది వెచ్చదనం. గాయం కంటే ముందు చలి చంపుతుంది. అట్టపెట్టెలో గోనెపట్టా పరిచి, వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టండి. వేడి ఎక్కువైతే పిల్ల పక్కకు జరగడానికి చోటుండాలి. తోడుగా ఒక నెమ్మదైన పిల్లను పెడితే అరుపు తగ్గుతుంది.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నాలుగైదు నిమిషాలు అదిమి పట్టండి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు కలిపి గాయం కడగండి. తరువాత పొవిడోన్ అయోడిన్ మందును టీ రంగు వచ్చేటట్టు నీళ్ళలో పలచన చేసి అద్దండి. కిరసనాయిలు, సున్నం, పొగాకు రసం వంటివి పూయవద్దు. పెద్దవాళ్ళు పూసేవారు, నిజమే. కాని అవి లేత చర్మాన్ని కాల్చి పుండును పెద్దవి చేస్తాయి. పసుపు పూసినా కడిగిన తరువాతే పూయాలి, మట్టి మీద కాదు. వానకాలంలో ఈగ వాలి పురుగు పడుతుంది. పొద్దున సాయంత్రం ఈకలు విప్పి చూడండి. పుండు చుట్టూ వేపనూనె రాస్తే ఈగ వాలదు.

నీళ్ళు గొంతులో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచుకు చుక్క తగిలిస్తే అదే మింగుతుంది. మొదటి రోజు కొద్దిగా బెల్లం కలిపిన నీరు ఇవ్వవచ్చు.

పుట్టుకతోనే కాళ్ళు చెరో పక్కకు జారే పిల్లలుంటాయి. నున్నటి కాగితం మీద, బండ మీద పెంచితే ఇది ఎక్కువ. మొదటి రెండు మూడు రోజుల్లోనే మెత్తటి గుడ్డపేలికతో రెండు కాళ్ళనూ అంగుళం ఎడంగా వుండేటట్టు కలిపి వదులుగా కట్టండి. గోనెపట్టా మీద వదలండి. మూడు నాలుగు రోజుల్లో చాలావరకు నిలబడతాయి. ఆలస్యం చేస్తే ఎముక అట్లాగే గట్టిపడుతుంది.

కాలు విరిగితే దూది చుట్టి, సన్నని చీపురుపుల్లలు రెండు పక్కలా పెట్టి, నెత్తురు ఆడకుండా బిగించక కట్టండి. పిల్లల ఎముక రెండు వారాల్లో అతుకుతుంది. కాలివేళ్ళు చల్లబడినా, నల్లబడినా కట్టు వెంటనే విప్పాలి. ఎముక బయటికి పొడుచుకువచ్చినా, పేగు బయటపడినా ఇంటి వైద్యం పనికిరాదు. పశువైద్యునికి చూపించండి. బతకదని తేలినప్పుడు బాధను పొడిగించకపోవడం కూడా ధర్మమే.

కోలుకున్న పిల్లను రాత్రిపూట తల్లి రెక్క కింద పెట్టండి. మరునాడు ఒక గంటసేపు కనిపెట్టి చూడండి.

ఒక హెచ్చరిక. పిల్లలు వరసగా తూలుతూ, మెడలు తిప్పుతూ, ఆకుపచ్చ రెట్ట వేస్తూ చస్తుంటే అది గాయం కాదు, తెగులు. చచ్చినవాటిని చెరువులో పారవేయక లోతుగా పూడ్చి, పశువైద్యశాలకు కబురు చేయండి.

తల్లిని గురించి నాలుగు మాటలు. వారం దాటని గుడ్లనే పొదుగుకు పెట్టండి. గూటిలో గడ్డి కింద బూడిద, వేపాకు వేస్తే పేలు పట్టవు. పేలు పడితే తల్లి గూడు వదిలేస్తుంది. రోజుకొకసారి అది లేచి పావుగంట, ఇరవై నిమిషాలు తిరుగుతుంది. ఆ వేళకు జొన్నలు, నూకలు, నీళ్ళు దగ్గరలో పెట్టండి. ఏడో రోజు రాత్రి దీపానికి అడ్డంపెట్టి చూసి, నరాలు కట్టని గుడ్లను తీసేయండి. ఇద్దరు తల్లులను ఒకే గంపలో పెట్టవద్దు, ఒకదాని పిల్లలను ఇంకొకటి పొడుస్తుంది. ఒకేసారి రెండు పెట్టలు పిల్లలను దింపి, చెరి నాలుగో అయిదో దిగితే, రాత్రిపూట అన్నిటినీ ఒక తల్లికి అప్పగించండి. రెండోది త్వరగా గుడ్లకు వస్తుంది. మొదటి మూడు వారాలు పగలు కూడా గంప చుట్టుపక్కలే తిప్పండి. గద్దకూ, ముంగిసకూ ఎక్కువ దొరికేది ఆ వయసు పిల్లలే.

పొదిగించడం ఇష్టం లేనప్పుడు పెట్టను నీళ్ళలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం కొన్నిచోట్ల చేస్తారు. అది హింస, ఫలితమూ లేదు. అడుగున గాలి ఆడే గంపలో, నేలకు కొంచెం ఎత్తున, వెలుతురులో మూడు నాలుగు రోజులు వుంచి మేత నీళ్ళు పెడుతూ వుంటే, కడుపు కింద చల్లబడి ఆ బుద్ధి అదే మళ్ళుతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. చిల్కూరు చుట్టూ భూములు చేతులు మారుతున్నవి. పొలాల మధ్య ప్రహరీ గోడలు లేస్తున్నవి. వాకిలి ఇరుకైతే మొదట పోయేది కోడిగంప. దానితోపాటు దాన్ని పెంచిన ముసలమ్మ విద్యా పోతుంది. మీరు ఊరికి పోయినప్పుడు మేలు కోళ్ళ సంగతి చెప్పండి, టీకా సంగతి చెప్పండి. అక్కడితో ఆగక, మంచి తల్లి పెట్టను ఎట్లా గుర్తుపడతారో ఆ ఇంటి పెద్దమ్మను అడిగి రాసుకోండి. పుంజుకు శాస్త్రం రాసిన మన భాషలో పెట్టకు కూడా ఒక శాస్త్రం వుండాలి గదా! అది మీ నోటు పుస్తకంలోనే మొదలుకావచ్చు.

సోదరీమణులారా, ఈసారి పిల్లలు దిగిన రోజు ఎన్ని దిగినవో గోడమీద బొగ్గుతో గీతలు గీయండి. పోయిన ప్రతిదానికీ ఒక గీత కొట్టి, ఎందువల్ల పోయిందో ఇంట్లో చదువుకున్న పిల్లల చేత పక్కన రాయించండి. రెండు నెలల తరువాత ఆ గోడను చూస్తే మీ కోళ్ళకు ఎక్కడ గండి పడుతున్నదో మీకే తెలుస్తుంది. గండి తెలిసిన తరువాత పూడ్చడం కష్టం కాదు.